తప్పు వాళ్లది... బిల్లు మనకా?

మన దారిన మనం పోతుంటే ఎవరో వచ్చి కారును గుద్దారు. తప్పు మనది కాదని రోడ్డు మీదున్న నలుగురూ చెబుతారు. తీరా బీమా డబ్బు దగ్గరికొచ్చేసరికి చేతిచమురు వదిలేది మనకే! ఎందుకలా జరుగుతుంది? ఆ నష్టాన్ని తగ్గించుకునే దారేమైనా ఉందా?

హనుమాన్ జంక్షన్... పేరు వినగానే చాలామందికి 2001లో వచ్చిన సినిమా గుర్తొస్తుంది. కృష్ణా, ఏలూరు జిల్లాల వాళ్లకు మాత్రం అది బ్రేకు మీద కాలుంచి దాటే కూడలి. చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారిని (పాత లెక్కలో అయిదో నంబరు, ఇప్పుడు పదహారు) నూజివీడు నుంచి గుడివాడ వెళ్లే రోడ్డు అక్కడే దాటుతుంది. ఒకపక్క మామిడికాయల లారీలు, ఇంకోపక్క ధాన్యం బస్తాల ట్రాక్టర్లు, మధ్యలో ఆటోలు, గన్నవరంలో విమానం వేళ మించిపోతోందని పరుగులు తీసే కార్లు.

ఆ కూడలిలో ఓ చిన్న కారు ఆగి ఉందనుకుందాం. కొని నాలుగేళ్లు దాటింది. ఏలూరు నుంచి విజయవాడలో పెళ్లికి వెళ్తున్న కుటుంబం. ముందు ఆటో ఆగితే వీళ్లూ ఆగారు. నూజివీడు వైపు నుంచి వచ్చిన ట్రాక్టరు మలుపు సరిగ్గా తిప్పుకోలేక, ట్రాలీ కొసతో కారు పక్కభాగాన్ని రాసుకుంటూ పోయింది. ముందు ఫెండరు, తలుపు, బంపరు, తలుపు అద్దం... అన్నీ పోయాయి. అదృష్టవశాత్తూ మనుషులకు ఏమీ కాలేదు.

అయిదు నిమిషాల్లో జనం. పదో నిమిషానికి పంచాయితీ.

‘‘చూసుకోలేదండీ, జరిగిపోయింది. కూలి బండండీ, ఓనరు గారికి తెలిస్తే నన్ను పనిలోంచి తీసేత్తారండీ’’ అని డ్రైవరు చేతులు పట్టుకుంటాడు. పక్కనున్న పెద్దమనిషి అందుకుంటాడు: ‘‘చిన్న సొట్టలే కదా బాబూ. నీకెటూ ఇన్సూరెన్సు ఉంటది. అయిదు వేలు ఇప్పిస్తాను, తీసుకుని బయల్దేరండి. ఆడవాళ్లు, పిల్లలు ఎండలో ఉన్నారు, అవతల ముహూర్తం టైమవుతోంది.’’ ఇంకొకాయన ఎక్కడినుంచో తెల్లకాగితం తెస్తాడు. ‘ఇద్దరం రాజీ పడ్డాం, ఎలాంటి కేసూ వద్దు’ అని రెండు లైన్లు, కింద సంతకం.

ఇది ఫలానా వాళ్ల కథేమీ కాదు. ఆ రోడ్డు మీద బండి తిప్పేవాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి పంచాయితీ చూసే ఉంటారు. అయితే ఆ రెండు లైన్ల కాగితం ఖరీదెంతో తెలియాలంటే ముందు బీమా ఎలా పనిచేస్తుందో తెలియాలి.

కంపెనీ అడగని ప్రశ్న

మన కారు పాలసీ అనేది నిజానికి రెండు పాలసీల జత. మొదటిది థర్డ్ పార్టీ. మన బండి వల్ల ఇతరులకు కలిగే నష్టానికి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇది లేకుండా బండి రోడ్డెక్కకూడదు. రెండోది ఓన్ డ్యామేజీ. మన బండికి జరిగే నష్టానికి. ఇది తీసుకోవడం, మానడం మన ఇష్టం. రెండూ కలిస్తే ‘ఫుల్ ఇన్సూరెన్స్’ అంటాం.

మన సొంత కంపెనీకి ఫోన్ చేసి ఓన్ డ్యామేజీ కింద డబ్బు అడిగితే, మనకు డబ్బివ్వడానికి ‘తప్పు ఎవరిది’ అన్నది వాళ్లకు లెక్కలోకి రాదు. మనమే వెళ్లి కరెంటు స్తంభాన్ని గుద్దినా, ఆగి ఉన్న మనల్ని ట్రాక్టరు గుద్దినా వాళ్లకు ఒకటే. పాలసీ అమల్లో ఉందా, లైసెన్సు ఉందా, నడిపినవాళ్లు తాగి ఉన్నారా... ఇవే ప్రశ్నలు. ఒకరకంగా ఇది మంచిదే. తప్పొప్పులు తేలేదాకా ఆగక్కర్లేదు, బండి షెడ్డు నుంచి త్వరగా బయటికొస్తుంది. అయితే తప్పు లేనివాడికి ప్రత్యేకమైన మర్యాదంటూ కూడా ఏమీ ఉండదు!

అమెరికా నుంచి సెలవులకు వచ్చే మనవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో గుద్దినవాడి బీమా కంపెనీకే నేరుగా ఫోన్ చేసి బండి బాగుచేయించమని అడగొచ్చు. ఇక్కడ ట్రాక్టరు బీమా కంపెనీకి ఫోన్ చేస్తే మర్యాదగా వినిపించే జవాబు ఒక్కటే... ‘ట్రైబ్యునల్లో కేసు వేసుకోండి.’

అంటే మన ముందు రెండు తలుపులున్నాయి. ఒకటి మన కంపెనీది, రెండోది ట్రైబ్యునల్‌ది. ఒకే నష్టానికి రెండు చోట్లా డబ్బు రాదు. ఏ తలుపు తట్టాలన్నది లెక్క వేసుకోవాల్సిన విషయం.

నలభై వేల బిల్లులో చేతికొచ్చేదెంత?

మన కారుకు షెడ్డులో నలభై వేల రూపాయల ఎస్టిమేటు వేశారనుకుందాం. ఫెండరు, తలుపు వంటి ఇనుప భాగాలు 14 వేలు. బంపరు, ప్లాస్టిక్ సామాను 12 వేలు. అద్దాలు 4 వేలు. మెకానిక్ కూలి 6 వేలు. పెయింటింగు 4 వేలు.

ఇప్పుడు కోతలు చూడండి. పాత భాగం తీసి కొత్తది వేస్తున్నారు కాబట్టి అరుగుదల కింద కొంత తగ్గిస్తారు. ఈ పట్టిక 2002 నాటి ఇండియన్ మోటార్ టారిఫ్‌లోది. నేటికీ దాదాపు అన్ని పాలసీల్లోనూ అదే నడుస్తోంది. రబ్బరు, ప్లాస్టిక్, బ్యాటరీలకు బండి కొత్తదైనా పాతదైనా సగానికి సగం కోత. అద్దాలకు కోత లేదు. ఇనుప భాగాలకు బండి వయసును బట్టి... ఆరు నెలల్లోపు ఏమీ ఉండదు, ఏడాది దాటితే పది శాతం, నాలుగు నుంచి అయిదేళ్ల మధ్య 35 శాతం, పదేళ్లు దాటితే 50. పెయింటింగు బిల్లులో నాలుగో వంతును రంగు ఖరీదుగా లెక్కగట్టి, అందులో సగం తీసేస్తారు.

ఆ లెక్కన ఇనుముకు 4,900, ప్లాస్టిక్‌కు 6,000, రంగుకు 500. మొత్తం 11,400 రూపాయలు. దీనికి తోడు ప్రతి క్లెయిముకూ మనం భరించి తీరాల్సిన సొమ్ము ఒకటుంది. 1500 సీసీ వరకు ఉన్న కారుకు వెయ్యి రూపాయలు, అంతకు మించితే రెండు వేలు. వెరసి 12,400 రూపాయలు మన జేబులోంచి, 27,600 కంపెనీ నుంచి. కాస్త ఎక్కువ ప్రీమియం కట్టి ‘జీరో డిప్రిసియేషన్’ తీసుకున్నవాళ్లకు అరుగుదల కోత ఉండదు. వెయ్యి మాత్రం తప్పదు.

అసలు దెబ్బ ఇది కూడా కాదు. కంటికి కనబడని దెబ్బ ఒకటుంది.

బోనస్... పేరులోనే ఉంది!

ఏడాదంతా క్లెయిము చేయకపోతే రెన్యువల్ అప్పుడు ఓన్ డ్యామేజీ ప్రీమియంలో 20 శాతం తగ్గిస్తారు. రెండో ఏడాది 25, తర్వాత 35, 45, చివరికి 50 శాతం. ఇదే నో క్లెయిమ్ బోనస్. ఇది ‘తప్పు చేయని’ బోనస్ కాదు, ‘అడగని’ బోనస్. తప్పు ట్రాక్టరుదే అయినా మనం మన కంపెనీని డబ్బు అడిగాం కాబట్టి మరుసటి ఏడాది అది సున్నా. జాగ్రత్తగా బండి నడిపినవాడికి ఇంతకన్నా అన్యాయం ఏముంటుందని అనిపిస్తుంది. నిజమే, ఈ నిబంధన వాహనదారుడి వైపు నుంచి ఆలోచించి రాసింది కాదు.

లెక్క చూద్దాం. బోనస్ తీసేయక ముందు ఓన్ డ్యామేజీ ప్రీమియం పది వేలు. నాలుగేళ్లు క్లెయిము లేదు కాబట్టి ఇప్పుడు 45 శాతం తగ్గింపులో ఉన్నారు. వచ్చే రెన్యువల్‌కు 50 శాతం వచ్చేది. క్లెయిము చేస్తే ఆ 5,000 పోయింది. ఆ మరుసటి ఏడాది 50కి బదులు 20 శాతమే కాబట్టి 3,000. తర్వాత 2,500, ఆపైన 1,500, చివర్లో 500. అయిదేళ్లలో మొత్తం 12,500 రూపాయలు. ఏటా బండి విలువ తగ్గేకొద్దీ ప్రీమియమూ తగ్గుతుంది కాబట్టి అసలు నష్టం దీనికన్నా కొంచెం తక్కువే ఉండొచ్చు. అయినా 27,600 వచ్చిందని సంబరపడేవాళ్లకు నికరంగా మిగిలేది పదిహేను వేల చిల్లర.

అదే బిల్లు పదిహేను వేలే అయ్యి, అందులో ఎక్కువ భాగం బంపరూ ప్లాస్టిక్కూ అయితే? కంపెనీ నుంచి వచ్చేదానికన్నా బోనస్ రూపంలో పోయేదే ఎక్కువ. అలాంటప్పుడు సొంత కంపెనీ జోలికి పోకపోవడమే మేలు. షెడ్డువాళ్లు ‘క్లెయిములో చేసేద్దాం సార్’ అంటారు. వాళ్లకు బిల్లు వస్తుంది, బోనస్ పోయేది మనకు. బోనస్ కాపాడే అదనపు కవరు కొన్ని కంపెనీల్లో ఉంది. పాలసీ తీసి అది ఉందో లేదో చూసుకోండి.

ట్రాక్టరు బీమాకు మనమే థర్డ్ పార్టీ

ఇక రెండో తలుపు. ట్రాక్టరుకున్న థర్డ్ పార్టీ పాలసీ దాని యజమానికి రూపాయి ఇవ్వదు. అది ఉన్నదే మనలాంటి వాళ్ల కోసం. ద్విచక్ర వాహనాలు కాని బండ్ల పాలసీల్లో ఇతరుల ఆస్తి నష్టానికి సాధారణంగా ఏడున్నర లక్షల దాకా భద్రత ఉంటుంది. ద్విచక్ర వాహనాలకైతే లక్ష. మన నలభై వేలు దాని ముందు ఎంత!

పైగా ఇక్కడ పాలసీలోని అరుగుదల పట్టిక వర్తించదు, వెయ్యి కోత ఉండదు, మన బోనస్‌కూ ముప్పు రాదు. అయితే ‘తప్పు ఎవరిది’ అన్న ప్రశ్న మొట్టమొదట అడిగేది ఇక్కడే. మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌లో ట్రాక్టరు డ్రైవరును, యజమానిని, బీమా కంపెనీని ప్రతివాదులుగా పెట్టి దరఖాస్తు వేయాలి. డ్రైవరు నిర్లక్ష్యాన్ని మనమే రుజువు చేయాలి. కారూ సగం తప్పు చేసిందని తేలితే పరిహారమూ ఆ మేరకు తగ్గుతుంది. వాయిదాలు, లాయరు ఖర్చు మామూలే. నలభై వేల కోసం కొన్నేళ్లు తిరగడం లాభమా అంటే చాలామందికి కాదు. లోక్‌అదాలత్‌లో రాజీ కుదిరితే కొంత త్వరగా తేలుతుంది.

కొందరికి మాత్రం ఇదొక్కటే దారి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుతో పాటు మూడేళ్ల థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి. ఓన్ డ్యామేజీని మాత్రం చాలామంది ఏడాదికే తీసుకుంటారు. ‘మూడేళ్లకు కట్టేశాం కదా’ అన్న ధీమాతో రెండో ఏడాది ఓన్ డ్యామేజీ రెన్యువల్ మర్చిపోతారు. వాళ్ల కారును ఎవరైనా గుద్దితే సొంత కంపెనీ పైసా ఇవ్వదు. అలాగే నష్టం లక్షల్లో ఉన్నవాళ్లు కూడా ట్రైబ్యునల్ గురించి ఆలోచించాల్సిందే.

ప్రమాదం జరిగిన చోటే కేసు వేయాలని లేదు. మనం నివసించే చోటైనా, ప్రతివాది ఉండే చోటైనా వేయొచ్చు. ఏలూరు కుటుంబం ఏలూరులోనే వేసుకోవచ్చు. 2019 సవరణతో వచ్చిన ఆరు నెలల గడువు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అది చెల్లుతుందా లేదా అన్న వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అయినా ఆ వివాదాన్ని నమ్ముకుని కూర్చోకుండా ఆరు నెలల్లోపే వేయడం క్షేమం.

ట్రాక్టరుకు బీమానే లేకపోతే? అప్పుడు యజమానే ఇచ్చుకోవాలి. బీమా లేని బండి నడిపితే మొదటిసారి రెండు వేల రూపాయల జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఆ జరిమానా సర్కారుకు పోతుంది, మన బంపరుకు రాదు.

ఆ ఇరవై నిమిషాలు

ఏ తలుపు తట్టాలో ఇంటికెళ్లి తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. రెండూ తెరిచి ఉండాలంటే మాత్రం రోడ్డు మీద ఉన్న ఇరవై నిమిషాల్లోనే కొన్ని పనులు జరగాలి.

బండ్లు పక్కకు తీయకముందే సెల్‌ఫోన్‌తో ఫొటోలు తీయాలి. సొట్టల్ని దగ్గరగా తీస్తే సరిపోదు. రెండు బండ్లూ, రోడ్డు మలుపూ, టైర్ల గుర్తులూ కలిసి కనబడేలా దూరం నుంచి కూడా తీయాలి. ట్రాక్టరుకు, ట్రాలీకి రిజిస్ట్రేషన్ నంబర్లు వేర్వేరు. చాలామంది ఇంజను నంబరు రాసుకుని ట్రాలీని వదిలేస్తారు. గుద్దింది ట్రాలీ అయినప్పుడు రెండూ కావాలి. నంబరు దొరికితే ఎంపరివాహన్ యాప్‌లో దాని బీమా ఉందో లేదో అక్కడికక్కడే చూడొచ్చు.

గుద్దినవాడు ఆగకుండా పోతే కూడలి చుట్టుపక్కల దుకాణాల కెమెరాలే దిక్కు. పెద్ద రోడ్డెక్కి పారిపోయిన బండి అయితే విజయవాడ వైపు పొట్టిపాడు, ఏలూరు వైపు కలపర్రు టోల్‌ప్లాజాలున్నాయి. ఆ ఫుటేజీ మనం అడిగితే ఇవ్వరు, పోలీసులు అడగాలి. రికార్డింగులు ఎక్కువ రోజులు ఉంచరు కాబట్టి ఫిర్యాదులోనే ఆ మాట రాయాలి.

ఫిర్యాదు అంటే ఏ స్టేషన్లో? హనుమాన్ జంక్షన్ కృష్ణా జిల్లా బాపులపాడు మండలంలో ఉంది. అక్కడో స్టేషను, అదే మండలంలో వీరవల్లిలో ఇంకో స్టేషను. కాస్త తూర్పుకు జరిగితే ఏలూరు జిల్లా పెదపాడు మండలం. ‘మా పరిధి కాదు’ అనే మాట వినబడటానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా సమాచారం తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నాం. ఫిర్యాదుదారుకు ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. మనుషులకు దెబ్బ తగలని చిన్న క్లెయిముకు సొంత కంపెనీ ఎఫ్ఐఆర్ కోసం పట్టుబట్టకపోవచ్చు. ట్రైబ్యునల్‌కు వెళ్లాలంటే మాత్రం అది లేకుండా నెగ్గడం కష్టం.

ఇప్పుడు ఆ తెల్లకాగితం దగ్గరికొద్దాం. అయిదు వేలు తీసుకుని ‘రాజీ పడ్డాం, కేసు వద్దు’ అని సంతకం పెడితే ట్రైబ్యునల్ తలుపు మన చేత్తో మనమే మూసేసుకున్నట్టు. అంతటితో అయిపోదు. మనకు డబ్బిచ్చాక దాన్ని తప్పు చేసినవాళ్ల నుంచి రాబట్టుకునే హక్కు మన కంపెనీకి వస్తుంది. సబ్రొగేషన్ అంటారు. ఆ హక్కును మనం అయిదు వేలకు అమ్మేశామని కంపెనీ మెలిక పెట్టొచ్చు. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా ఎలాంటి ఒప్పుకోలూ, హామీలూ ఇవ్వకూడదని పాలసీ షరతుల్లోనే ఉంటుంది. డ్రైవరు మీద జాలి కలగడం సహజం. నిజానికి ట్రాక్టరుకు బీమా ఉంటే బండి నష్టం కట్టేది ఆ కంపెనీ. సంతకం పెట్టకపోవడం వల్ల అతని కూలి డబ్బుల్లోంచి పోయేదేమీ లేదు.

గీతలు పడి, బిల్లు నాలుగైదు వేలు దాటదని ఖాయంగా తెలిస్తే సంగతి వేరు. అప్పుడు డబ్బు తీసుకుని రెండు కంపెనీలనూ మర్చిపోవడమే తెలివైన పని.

మనుషులకు దెబ్బ తగిలితే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి ముందు ఆసుపత్రి. 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స పొందే వీలుంది.

సర్వేయరు వచ్చాక...

సొంత కంపెనీ దారే ఎంచుకుంటే వెంటనే ఫోన్ చేసి క్లెయిము నంబరు తీసుకోవాలి. సర్వేయరు చూడకముందే బండి విప్పించకూడదు. కంపెనీని అడగకుండా మనంతట మనం చేయించుకోదగ్గ రిపేరు ఎంతో తెలుసా? ప్రామాణిక పాలసీలో 500 రూపాయలు! బండిని లాక్కెళ్లిన ఖర్చుకు 1,500. ఈ అంకెల్ని చూస్తే పాలసీ ఏ కాలంలో రాశారో అర్థమవుతుంది.

2024 జూన్‌లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఆదేశాల ప్రకారం క్లెయిము తెలిపిన 24 గంటల్లో సర్వేయరును నియమించాలి. అతను 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. అది అందిన ఏడు రోజుల్లో కంపెనీ ఏదో ఒకటి తేల్చాలి. సర్వేయరు వచ్చిన రోజు షెడ్డులో మీరూ ఉండండి. బయటికి కనబడని దెబ్బలు బండి విప్పాక బయటపడితే మళ్లీ పిలిచి చూపించాలి. తర్వాత చెబితే ‘పాత దెబ్బ’ అనే అవకాశం ఉంది. చివర్లో ‘ఫుల్ అండ్ ఫైనల్’ అన్న కాగితం మీద సంతకం అడుగుతారు. కోతపోయిన మొత్తాన్ని ట్రాక్టరు వాళ్ల నుంచి అడగాలన్న ఆలోచన ఉంటే ఆ సంతకానికి ముందే లాయరును కలవాలి, తర్వాత కాదు.

కంపెనీ నిరాకరించినా, మరీ తక్కువ ఇచ్చినా ముందు వాళ్ల ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా రాయాలి. ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా నంబరు 155255కు కూడా చెప్పొచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోపు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్ కూడా ఆ కార్యాలయం పరిధిలోదే. 50 లక్షల రూపాయల వరకు వివాదాలు చూస్తారు. ఫీజు లేదు, లాయరును పెట్టుకునే పనీ లేదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలనుకుంటే గడువు రెండేళ్లు. అయితే ఒకే వివాదంతో రెండు చోట్లకూ వెళ్లడానికి లేదు. పైగా అంబుడ్స్‌మన్ దగ్గర నడిచేది మన కంపెనీ మీద మన ఫిర్యాదు మాత్రమే. ట్రాక్టరు కంపెనీ నుంచి రావాల్సిన దానికి ట్రైబ్యునల్ మెట్లే ఎక్కాలి.